తడిగుడ్డ పరీక్ష

బొమ్మల కొట్టులో పనిచేసే అమ్మాయిలు ఆమెను ఎదురుగా పిన్నిగారని పిలుస్తారు, వెనకాల పెనుభూతం అంటారు. అనుమానం పెనుభూతమనే సామెత ఆమెను చూశాకే పుట్టి ఉంటుందని వాళ్ల గట్టి నమ్మకం. ఈ సంగతి ఆమెకు తెలియదనుకుంటారు, పాపం. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషికి తెలియకుండా ఉంటుందా? తెలుసు. తెలిసి, లోలోపల కాస్త మురిసిపోతుంది కూడా.

కొట్టు రెండంతస్తులది. కింద బంతులు, కార్లు, పడుకోబెడితే కళ్లు మూసే బొమ్మలు. పైన మాత్రం పిల్లలకు ఆటల్లోనే చదువు నేర్పుతామని చెప్పుకునే సరుకు: అయస్కాంతాలు, భూతద్దాలు, అక్షరాల దిమ్మెలు, విప్పి మళ్లీ బిగించే గడియారాలు. ‘చెప్పుకునే’ అన్న మాట ఆమెదే. ఏ కంపెనీవాడు ఏం తెచ్చినా ఆమె సరేనంటే తప్ప అది మెట్లెక్కదు. యజమాని ఆమె కంటే వయసులో చాలా చిన్నవాడు. “పిన్నిగారు చూశారా?” అని అడక్కుండా ఆర్డరు కాగితం మీద సంతకం పెట్టడు.

ఆమె చూడటమంటే మామూలు చూడటం కాదు. ముందు బొమ్మను బయటికి తీసి, పెట్టెను బోర్లించేస్తుంది. పెట్టెల మీద నవ్వే పిల్లల మొహాలంటే ఆమెకు ఒళ్లుమంట. “ఫొటో తీయించుకున్నందుకు బిస్కెట్ ఇచ్చుంటారు. ఆ నవ్వు బిస్కెట్‌ది, బొమ్మది కాదు” అంటుంది. తర్వాత బొమ్మను వాసన చూస్తుంది. తడిగుడ్డతో గట్టిగా రుద్ది, రంగు అంటిందేమోనని గుడ్డను కిటికీ దగ్గర పట్టుకుని చూస్తుంది. చక్రాలు పీకుతుంది, బ్యాటరీ మూతను గోటితో ఎత్తుతుంది, బల్ల మీంచి కింద పడేస్తుంది. ఇంత జరిగాక కూడా చెక్కు చెదరకుండా మిగిలిన బొమ్మను మరింత అనుమానంగా చూస్తుంది. పైన పటారం, లోన లొటారం అని ఆమె చేత అనిపించుకోని ఏజెంటు ఆ వీధికి ఇంతవరకూ రాలేదు.

ఈ అనుమానం ఊరికే రాలేదు. ఆమె కూతురు పసిపిల్లగా ఉన్నప్పుడు లెక్కలు నేర్పే పూసల చట్రం ఒకటి ముచ్చటపడి కొంది. కమ్మీ ఊడి, పూస ఒకటి పిల్ల ముక్కులోకి పోయింది. డాక్టరు దాన్ని బయటికి తీసేదాకా పిల్ల ఏడుస్తూ గింజుకుంటుంటే ఆమె ఆ కాళ్లు గట్టిగా పట్టుకుని నిలబడింది. ఇంటికొచ్చి చూస్తే పెట్టె మీద పిల్లలు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఆ రోజు నుంచి ఆమెకు అచ్చువేసిన మాట మీద నమ్మకం పోయింది. తర్వాత కొన్నేళ్లకు భర్త పోయి, ఈ కొట్టులో బిల్లులు రాసే పనికి చేరినప్పుడు, ఎవరూ అడక్కపోయినా బొమ్మల చక్రాలు పీకి చూడటం మొదలుపెట్టింది. మొదట్లో యజమాని తండ్రి తిట్టాడు. ఒకసారి ఒక పెట్టె సరుకులో ఆమె పీకిన చక్రమల్లా ఊడొచ్చాక, తిట్టడం మానేసి పై అంతస్తు అప్పగించాడు.

ఇప్పుడు ఆ కూతురికీ ఒక కూతురు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగాలకు పోతారు కనుక, మధ్యాహ్నం ప్లేస్కూలు వదలగానే వ్యాను ఆ పిల్లను కొట్టు ముందు దించుతుంది. పై అంతస్తులో, అరల వెనక నమూనాల గది. ఒక కిటికీ, ఒక బల్ల, నేల మీద చాప. అమ్మమ్మ ఆఖరి పరీక్ష అక్కడే జరుగుతుంది. తన చేతిలో నెగ్గిన బొమ్మను మనవరాలి ముందు పెట్టి, ఒక్క ముక్క చెప్పకుండా, పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుంటుంది. పిల్ల తనంతట తాను దాంతో ఏం చేస్తుందో చూస్తుంది. చివరికి అడుగుతుంది. “ఏమంటావే? పైకా, వెనక్కా?” పైకంటే అరలోకి, వెనక్కంటే కంపెనీకి.

మొదట్లో ఆ పిల్ల ఆటను చూడాలి! అయస్కాంతం ఇస్తే తలుపు గడియ నుంచి అమ్మమ్మ కళ్లజోడు దాకా అన్నింటికీ అంటించి చూసేది. భూతద్దం ఇస్తే వేలు చూసుకుని, “అమ్మమ్మా, వేలు పెద్దదయింది కదా, ఇప్పుడు గిల్లితే నొప్పి కూడా పెద్దగా ఉంటుందా?” అని అడిగింది. అడిగి ఊరుకుందా, గిల్లుకుని చూసింది. అన్నీ పైకే అనేది. అమ్మమ్మ మాత్రం నెమ్మదిగా మందలించేది. “అన్నీ బాగున్నాయంటే ఎలాగే? సరిగ్గా చూడు. ఎక్కడో ఉంటుంది లోపం.”

ఒక రోజు ప్లేస్కూలు టీచరమ్మ కబురు పెట్టింది. కూతురికి సెలవు దొరక్క అమ్మమ్మే వెళ్లింది.

“మీ పాప ఏ బొమ్మా ముట్టుకోదండీ అమ్మమ్మగారూ. అందరూ ఆడుతుంటే చేతులు కట్టుకుని గోడ దగ్గర నిలబడుతుంది. కొత్త వస్తువు వస్తే పిల్లలంతా పరిగెత్తుకొస్తారు, తను వెనక్కి జరుగుతుంది. ఇంట్లో ఎవరైనా భయపెట్టారా?”

“మా ఇంట్లోనా! మీ బొమ్మలే బాగోలేదేమో, ముందు అది చూసుకోండి” అని ఆమె అక్కడే ఒక చెక్క రైలును తీసుకుని చక్రం పీకబోయింది. టీచరమ్మ మర్యాదగా ఆ రైలును చేతిలోంచి తీసుకుంది. ఆమె మర్యాద మీద కూడా అమ్మమ్మకు అనుమానమే వచ్చింది.

కూతురు విని ఏడ్చింది. పిల్లల డాక్టరుకు చూపిద్దామంది. అమ్మమ్మకు అది నమ్మశక్యం కాలేదు. నాలుగేళ్ల పిల్ల ఆడుకోకపోవడమేమిటి? నిన్నటిదాకా ప్రపంచంలో ఉన్న ప్రతిదాన్నీ గిల్లి చూసిన పిల్ల! ఎవరో ఏదో చేశారు. ఎవరో కనిపెట్టి తీరాలని పంతం పట్టింది.

మొదటి అనుమానం మాట్లాడే గుడ్లగూబ మీద. ఆ మధ్య ఒక ఏజెంటు మెడలో టై బిగించుకుని తెచ్చాడు దాన్ని. పొట్ట నొక్కి ఏమడిగినా జవాబు చెబుతుంది. బొమ్మ వాగితే పిల్ల నోరు మూసుకుంటుందని ఆమె దాన్ని ఆ పూటే తిప్పి పంపేసింది. కానీ ఒక మధ్యాహ్నమంతా పిల్ల పక్కనే ఉంది కదా, ఏం చెవిలో ఊదిందో! మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని కూపీ లాగింది. “ఆ గుడ్లగూబ నీతో ఏమందే?” “ఏమీ అనలేదు. బ్యాటరీ మూత వదులుగా ఉంది” అంది పిల్ల. జవాబు ముచ్చటగా అనిపించి, అమ్మమ్మ గుడ్లగూబను వదిలేసింది.

తర్వాతి అనుమానం అల్లుడి మీద. మంచివాడే, కానీ మరీ మంచివాడు. అంత మంచితనం వెనక ఏదో ఉండకపోదు. ఫోను చేతికిచ్చి పిల్లను పాడుచేస్తున్నాడేమో! ఆదివారం చెప్పాపెట్టకుండా వాళ్లింటికి వెళ్లింది. అల్లుడు ఆమెను చూడగానే తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

“రండి అత్తయ్యా! ఫోన్ చేస్తే నేనే వచ్చి తీసుకొచ్చేవాణ్ణి కదా.”

“ఏం, చెప్పి రావాలా మా పిల్లను చూడటానికి?”

“అయ్యో, అదేం లేదు” అంటూనే ఆయన బాల్కనీ తలుపు దగ్గరికి లాగేశాడు. ఆమె కళ్లలో వత్తులేసుకుని కూర్చుంది. అల్లుడు మాటిమాటికీ బాల్కనీలోకి పోతాడు, తలుపు వేసుకుంటాడు, వచ్చేటప్పుడు చేతులు చొక్కా వెనక తుడుచుకుంటాడు. బొటనవేలికి కట్టు ఉంది. ఏమైందంటే నీళ్లు నమిలాడు. ‘దొరికావు నాయనా’ అనుకుంది అత్తగారు.

సాయంత్రానికి ఆయనే బయటపడ్డాడు. రెండు చేతులతో మోసుకొచ్చి హాలు మధ్యలో పెట్టాడు. ఒక చెక్క పలక, దాని మీద అడ్డదిడ్డంగా బిగించిన అట్టగొట్టాలు. పైనుంచి గోళీ వేస్తే ఒక గొట్టంలోంచి ఇంకో గొట్టంలోకి దొర్లుకుంటూ కిందికి రావాలి. పుట్టాక ఎన్నడూ రంపం పట్టని మనిషి. ఆఫీసులో కాగితాలు తిప్పడం తప్ప ఏమీ రాదు. తన కూతురు ఆడటం లేదని విన్నప్పటి నుంచి రోజూ ఆఫీసు నుంచి రాగానే, ఎవరికీ చెప్పకుండా బాల్కనీలో ఇదే పని.

“నీ కోసమే చేశానురా బంగారూ. ఆడుకో” అన్నాడు.

పిల్ల దగ్గరికి వచ్చింది. వంగి వాసన చూసింది. వంటింట్లోకి వెళ్లి తన చేతిరుమాలు తడుపుకొచ్చి పలక అంచు రుద్దింది, రుమాలును దీపం వైపు ఎత్తి చూసింది. పై గొట్టం పట్టుకుని పీకింది. అది ఊడొచ్చింది. గోళీని అరచేతిలో తిప్పి, “నోట్లో పడుతుంది” అంది. చేతులు కట్టుకుంది. తండ్రి మొహం వైపు కూడా చూడకుండా చెప్పింది.

“వెనక్కి.”

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో అమ్మమ్మకు ముందు కలిగింది గర్వం. తానైనా అంతకంటే బాగా చూడలేదు. గోళీ సంగతి తన కంటే ముందు పట్టుకుంది పిల్ల! మెచ్చుకోబోతూ అల్లుడి వైపు చూసింది. ఆయన ఊడిన గొట్టాన్ని మళ్లీ తగిలించడానికి ప్రయత్నిస్తున్నాడు. కట్టు కట్టిన వేలు అడ్డొచ్చి అది నిలవడం లేదు. ఆయన తల ఎత్తలేదు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. గుడ్లగూబను అనుమానించింది, టీచరమ్మను అనుమానించింది, పిల్ల కన్నతండ్రిని అనుమానించింది. అనుమానించాల్సిన ఒక్క మనిషిని మాత్రం వదిలేసింది.

కూతురు గొంతు తగ్గించే అంది. “దానికి ఆడుకోవడం రాదమ్మా. నీ ఉద్యోగం వచ్చు.”

ఆమె సంచీ తీసుకుని ఇంటికి బయల్దేరింది.

మర్నాడు నమూనాల గదిలో బల్ల మీదున్న బొమ్మలన్నీ అలమరలో పెట్టేసి, ఒక్క దిమ్మెల డబ్బా మాత్రం చాప మీద ఉంచింది. “ఇవాళ పరీక్షలేమీ లేవే తల్లీ. ఊరికే ఆడుకో.”

“ఏం చూడాలి?”

“ఏమీ చూడక్కర్లేదు.”

“మరి నువ్వు చూస్తావు కదా.”

“నేనెందుకు చూస్తాను? పేపరు చదువుకుంటాను.”

“పేపరుకి చిల్లు పెట్టుకున్నావుగా అమ్మమ్మా. రోజూ అందులోంచే చూస్తావు. నాకు తెలుసు” అంది పిల్ల, ఏ నిష్ఠూరమూ లేకుండా.

అమ్మమ్మకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పేపరు మడిచి పక్కన పడేసి, తానే కింద కూర్చుని దిమ్మె మీద దిమ్మె పేర్చింది. పిల్ల చేతులు కట్టుకుని, తల పక్కకు వంచి, అమ్మమ్మ ఎలా ఆడుతుందో పరిశీలించింది. అచ్చం తను పిల్లను చూసినట్టే. ఆ చూపు కింద ఆమె చేతులు తడబడ్డాయి, దిమ్మెలు కూలాయి. అలా చూస్తుంటే ఎవరైనా ఎలా ఆడతారని పైకి అనబోయి, ఆమె నాలుక కరుచుకుంది.

అల్లుడికి ఆమే ఫోన్ చేసింది. “బాబూ, ఆ గొట్టాల బొమ్మ పారేయకండి. గొట్టాలకు మేకులు కాదు, స్క్రూలు వేయండి. గోళీలు వద్దు, నోట్లో పట్టని బంతులు కొనండి.” కాస్త ఆగి, “బాగా చేశారు. ఆ పూట చెప్పలేదు” అంది. అవతల అల్లుడికి అనుమానం వచ్చి, ఫోన్ చెవి నుంచి తీసి నంబరు మళ్లీ చూసుకునే ఉంటాడు.

ఆ తర్వాతి ఆదివారం బొమ్మ మళ్లీ హాల్లోకి వచ్చింది. పిల్ల దాన్ని చూసింది, తండ్రిని చూసింది, ఆఖరికి అమ్మమ్మను చూసింది. రుమాలు కోసం వెళ్లలేదు. అమ్మమ్మ దగ్గరికి వచ్చి చీర కుచ్చిళ్లు పట్టుకుంది.

“నువ్వు బయటికెళ్లు అమ్మమ్మా. నువ్వుంటే నాకు రాదు.”

కూతురు ఏదో సర్దిచెప్పబోయింది. ఆమె వద్దని చేయి ఊపి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చుంది. తలుపు మూసుకుంది.

లోపల బంతి దొర్లింది. ఎక్కడో తట్టుకుంది. ఏదో పెద్దగా పడింది, విరిగినట్టే వినిపించింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆమె లేచి నిలబడింది. వేలు నలిగిందేమో, స్క్రూ గుచ్చుకుందేమో, అంచులు నున్నగా తీశాడో లేదో! చేయి గడియ మీదికి వెళ్లింది. అప్పుడే లోపల పిల్ల కిలకిలా నవ్వి, “నాన్నా, ఈసారి నీ బూటు కూడా వేద్దాం, దొర్లుతుందేమో!” అని అరిచింది. మళ్లీ ఏదో ధడేలుమని కూలింది.

ఆమె గడియ మీంచి చేయి తీసేసి, మళ్లీ మెట్ల మీద కూర్చుంది. పక్కింటావిడ కూరగాయల సంచీతో పైకొస్తూ, “ఏంటమ్మా బయట కూర్చున్నారు, తాళం పడిందా?” అని అడిగింది.

“లేదమ్మా. మనవరాలు ఆడుకుంటోంది” అంది ఆమె.

ఆ బొమ్మ ఎలా ఉందో ఆమె ఇప్పటిదాకా దగ్గరి నుంచి చూడలేదు. చూడటానికి రమ్మని మనవరాలు ఇంకా పిలవలేదు.