గొంగడి కింద ల్యాప్‌టాప్

2011 వేసవి మొదట్లో నన్ను సూర్యాపేట డివిజన్‌లో గొర్రెల బీమా నమోదుకు సాంకేతిక సహాయకుడిగా వేశారు. పశువైద్యుడు ప్రతి గొర్రె చెవికి పసుపు బిళ్ల వేస్తే, ఆ నంబరును యజమాని పేరుతో ల్యాప్‌టాప్‌లో ఎక్కించడం నా పని. మాకిచ్చినవన్నీ లైనక్స్ ల్యాప్‌టాప్‌లే.

మోతె దగ్గర లింగయ్య మందతో చిక్కొచ్చి పడింది. సగం గొర్రెలైనా ఎక్కకముందే బ్యాటరీ అయిపోయి తెర నల్లబడింది. దొడ్డి ఊరి బయట, కరెంటు లేదు. మర్నాడే అతను మేత కోసం మందను మఠంపల్లి వైపు, కృష్ణ ఒడ్డుకు తోలుకెళ్లాలి. కిందటేడు హైవే దాటుతుంటే లారీ కింద కొన్ని గొర్రెలు పోయాయి, పైసా రాలేదు. నంబరు ఎక్కకపోతే ఈసారీ అంతే.

"సారూ, మీ డబ్బా సల్లవడ్డది. తోటోళ్ల మందలు పోతున్నయ్, నేనెట్ల ఆగుత?" అన్నాడు.

"జర ఆగు లింగయ్యా, పొద్దుగాల వచ్చి ఖతం చేస్త" అని మాటిచ్చాను. మా అసిస్టెంట్ డైరెక్టర్ గారు కొత్త బ్యాటరీకి పైకి రాస్తానన్నారు. అది వచ్చేసరికి మంద ఏ ఊళ్లో ఉంటుందో!

ఆ సాయంత్రం ఆఫీసులో ఛార్జర్ పీకేసి, ఏ భాగం ఎంత కరెంటు తాగుతోందో చూపే పవర్‌టాప్ నడిపాను. దొంగలు దొరికారు. వైఫై ఎక్కడా లేని నెట్‌వర్క్ కోసం అదే పనిగా వెతుకుతోంది, బ్లూటూత్ ఊరికే మేలుకొని ఉంది, ప్రాసెసర్ పనిలేకున్నా పూర్తి వేగంతో నడుస్తోంది. మొదటి రెంటినీ ఆపేశాను. ప్రాసెసర్‌ను పనిని బట్టి వేగం మార్చుకునేలా పెట్టాను. డిస్కులో రాయాల్సినవి కూడబెట్టి ఒకేసారి రాయించే ఏర్పాటూ ఉంది గానీ, మధ్యలో ఆగితే నమోదులు పోతాయని దాని జోలికి పోలేదు. అన్నిటికన్నా ఎక్కువ తినేది తెర వెలుగు. ఎండలో దాన్ని తగ్గిస్తే ఒక్క అంకె కనబడదు.

దారి మర్నాడు పొద్దున దొడ్డిలోనే తట్టింది. లింగయ్య భుజం మీది గొంగడి అడిగి తీసుకుని, ల్యాప్‌టాప్‌తో సహా ముసుగేసుకున్నాను. ఆ చీకట్లో వెలుగు బాగా దించినా అంకెలు చక్కగా కనిపించాయి. డాక్టరు బయటి నుంచి నంబరు చెబితే నేను లోపల ఎక్కించాను.

"గీ సారేంది గిట్ల దాసుకున్నడు, పొట్టేలు పొడుస్తదనా?" అని లింగయ్య భార్య ఎల్లమ్మ నవ్వింది. చెమటతో తడిసి ముద్దయ్యాను గానీ లేవలేదు.

ఆఖరి గొర్రె ఎక్కేసరికి బ్యాటరీ ఇంకా మూడో వంతు మిగిలి ఉంది. ఎండ ముదరకముందే మంద కదిలింది. తర్వాత ఆ మార్పులన్నీ కోదాడ, మిర్యాలగూడ బృందాలకు నేర్పమని నాకే ఆర్డరు వచ్చింది. నా సర్వీసంతటిలో అంత గర్వపడిన ఆర్డరు మరొకటి లేదు.

పరికరం ఆగిందని కొత్తది అడగడం ఎవరికైనా చేతనవుతుంది. ఉన్న కరెంటు ఎటు పోతోందో కొలిచి చూడటమే మా వృత్తి. లింగయ్య మందకు నేను చేసింది అదే.