నొక్కేదెవరండీ?

కంప్యూటర్లు బాగుచేసేవాడికి అబద్ధాలు వినడం అలవాటైపోతుంది. "నేనేం చెయ్యలేదండి, దానంతట అదే ఆగిపోయింది" అనని మనిషి నా సర్వీసులో ఒక్కడూ తగల్లేదు. కీబోర్డు మీద టీ ఒలకబోసినవాడిదీ అదే మాట, డబ్బాని కింద పడేసినవాడిదీ అదే మాట. అందుకని కడియం దగ్గర నర్సరీ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, మా కంప్యూటర్ దానంతట అదే పలికేదండి, ఇప్పుడు పలకట్లేదు అంటే నాకు నవ్వొచ్చింది. దానంతట అదే ఆగిందన్నవాళ్ళే గాని, పలికిందన్నవాళ్ళు అంతవరకు లేరు.

రాజమండ్రిలో మెయిన్ రోడ్డు వెనక సందులో ఉండేది నా కొట్టు. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయింది. అప్పటికి నర్సరీలవాళ్ళు కూడా కంప్యూటర్లు కొనేశారు. బెంగుళూరుకీ హైదరాబాదుకీ లారీల్లో పంపే మొక్కల ఫొటోలూ బిల్లులూ అందులోనే పెట్టుకునేవారు. ఈవిడ భర్త పోయి రెండు నెలలు దాటిందట. మొన్న గాలివానకి పిడుగు పడి కంప్యూటర్ చచ్చిందట. బిల్లులు పోతే పోనివ్వండి, ఆయన గొంతు ఉంది అందులో, అదొక్కటీ రావాలి అంది. నవ్వినందుకు సిగ్గేసి, మర్నాడు పొద్దున్నే స్కూటర్ మీద సామాను కట్టుకుని బయల్దేరాను.

కాలవ గట్టు దిగితే నర్సరీ. పచ్చ నెట్టు కింద క్రోటన్లు వరసలు వరసలుగా ఉన్నాయి. నడిమధ్యన ఒక గది. బయట సిమెంటు బెంచీ, తలుపుకి తాళం. ఆవిడ తాళం తీసింది గాని గుమ్మం దాటలేదు. లోపల టేబుల్ కింద ఆయన చెప్పులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. కుర్చీ వెనక్కి జరిపి ఉంది, ఎవరో ఇప్పుడే లేచి బయటికి వెళ్ళినట్టు. నేను ఆ కుర్చీలో కూర్చోకుండా నిలబడే పని మొదలుపెట్టాను. ఎందుకని అడిగితే నడుం నొప్పి అని చెప్పేవాణ్ణి.

ఆవిడ గుమ్మంలోంచే సంగతి చెప్పింది. ఆయన కాస్త సరదా మనిషి. కంప్యూటర్ లేచేటప్పుడు వచ్చే మ్యూజిక్ తీసేసి, మైకు పెట్టి తన గొంతే రికార్డు చేశాడు: "నీళ్ళు పెట్టారా?" పొద్దున్నంతా మొక్కల్లోనే తిరిగేవాడు. పన్నెండింటికి గదిలోకి వెళ్ళేవాడు, మిషన్ పలికేది, మళ్ళల్లోంచి కూలీలు "పెట్టామండీ" అని కేకేసి అన్నాలకు పోయేవారు. వాళ్ళకదే భోజనాల బెల్లు.

ఆ రోజు మాత్రం పొద్దున్నే గుండెల్లో ఏదో బరువుగా ఉందని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడట. ఇంట్లో ఉన్న ఈవిడకి ఆ సంగతి తెలియదు. పన్నెండింటికి క్యారియర్ తీసుకుని వచ్చేసరికి లోపల్నుంచి గొంతు వినబడింది. నీళ్ళు పెట్టారా? వాళ్ళు పెట్టార్లెండి, మీరు అన్నం తినండి అని బయటి నుంచే ఎగతాళి చేసి, పనిలో ఉన్న మనిషిని కదిలిస్తే చిరాకుపడతాడని క్యారియర్ బెంచీ మీద పెట్టి వెళ్ళిపోయింది. మూడింటికి క్యారియర్ అక్కడే ఉందని ఎవరో కబురు చేశారు. డాక్టరు చూసి, పొద్దున్నే ప్రాణం పోయుంటుందన్నాడట. ఈవిడ ఒప్పుకోలేదు.

"ఆయన నొక్కితేనే కదండి అది పలికేది. పన్నెండింటికి నన్నడిగారు, నేను చెప్పాను. మా ఇద్దరి మధ్యా ఆఖరి మాట అదేనండి" అంది.

అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాతదే నాకు కొరుకుడు పడలేదు. గదికి తాళం వేశారు, తాళంచెవి ఈవిడ బొడ్లో ఉంది. మర్నాడు మిట్టమధ్యాహ్నం, కూలీలు నీళ్ళ పైపు చుట్టబెడుతుంటే తాళం వేసిన గదిలోంచి అదే గొంతు అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. పెద్దకర్మ అయ్యింది, బ్రాహ్మడు శాంతి చేయించాడు, అయినా అడిగింది. పిడుగు పడే వరకూ రోజూ అడిగిందట.

నర్సరీలో అందరికంటే పాత మనిషి, నీళ్ళు పెట్టే పెద్దావిడ, కుండీల మధ్య నిలబడి ఇదంతా వింటోంది. అమ్మగారు మంచినీళ్ళకని అవతలికి వెళ్ళగానే నా దగ్గరికి వచ్చింది. పిడుగే తీసుకుపోయింది కదా, మళ్ళీ లేపకండి బాబూ అని బతిమాలింది. అది రికార్డు చేసిన మాటే తప్ప మనిషి కాదని, పల్లెటూరివాళ్ళకి పాఠం చెప్పే గొంతుతో చెప్పబోయాను.

"మాట మిషన్‌దేనండి, మాకూ తెలుసు. నొక్కేదెవరండీ?"

వైర్లు ఎక్కడో కలిసి ఉంటాయి అన్నాను. నాకే నమ్మకం లేని మాట అది. ఇన్నాళ్ళూ మీరేం చేశారని అడిగాను. రోజూ పెట్టామండి అని చెప్పేవాళ్ళమంది. చెప్పకపోతే ఇంకోసారి అడుగుతారేమోనని భయమట.

డబ్బా విప్పాను. లోపల కరెంటు అందించే పవర్ సప్లై మాడి బొగ్గయింది. అది మార్చాను. లోపల రెండు హార్డు డిస్కులున్నాయి. విండోస్ ఉన్నది టిక్కు టిక్కుమని కొట్టుకుంటోంది తప్ప లేవదు. రెండోది నిక్షేపంగా ఉంది. అందులో ఆయన మొదటి డిస్కు మొత్తానికీ రోజూ నకలు, అదే బ్యాకప్, తీసి దాచుకున్నాడు. పోయినాయన జాగ్రత్తపరుడే. కాని ఆ బ్యాకప్ దాన్ని తీసిన సాఫ్ట్‌వేర్‌కి తప్ప ఇంకెవరికీ అర్థం కాదు, నా దగ్గరేమో అది లేదు. ఇలాంటప్పటి కోసమే ఒక రెస్క్యూ సీడీ చేసి పెట్టుకుంటారు. విండోస్ లేకపోయినా మిషన్ ఆ సీడీతోనే లేస్తుంది, లేచాక బ్యాకప్‌ని కొత్త డిస్కులోకి దింపుతుంది. అలాంటి సీడీ ఏమైనా ఉందా అంటే, ఆవిడ ఇంటికి వెళ్ళి దేవుడి గూట్లోంచి పట్టుబట్టలో చుట్టి తెచ్చింది. మిషన్ ప్రాణం ఇందులో ఉంది, జాగ్రత్తగా దాచమని చెప్పాడట. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు ఆవిడ దాన్ని దేవుళ్ళ దగ్గర దాచింది.

కొత్త డిస్కు బిగించి, కంగారులో చూసుకోకుండానే సీడీ డ్రైవులోకి తోశాను. నల్లటి తెర, పైన మూల మినుకు మినుకుమనే గీత. అంతే. ముందు సీడీనే చూడమని సెట్టింగుల్లో మార్చాను. అదే గీత. డ్రైవు పోయిందేమోనని నా సంచీలోని వేరే సీడీ వేస్తే చక్కగా లేచింది. అంటే దోషం ఈ సీడీదే. దాన్ని బయటికి తీసి, మిషన్ ఆపేసి, ఎండకేసి చూద్దామని గుమ్మంలోకి వచ్చి తిరగేశాను.

మెరిసేవైపు, సరిగ్గా మధ్య చిల్లు చుట్టూ, ఎండిపోయిన పసుపు. దాని మీద ఎర్రగా కుంకం బొట్టు.

నాకు ఒళ్ళు మండింది. సీడీని చదవడం మొదలుపెట్టేదే ఆ చిల్లు పక్కనుంచి, అక్కడే ఇంత పసుపు మెత్తితే ఏం లేస్తుందండీ అని గట్టిగానే అన్నాను. ఆవిడ బిక్కమొహం వేసింది. దసరాకి అంటు కట్టే చాకులకీ కత్తెరలకీ మోటారుకీ కంప్యూటర్‌కీ అన్నిటికీ బొట్లు పెట్టారట. ప్రాణం ఉన్న వస్తువుకి పెట్టకుండా ఎలా ఉంటారు? రెండోవైపు ఆయన రాతలున్నాయి. ఇటువైపు చూస్తే అద్దంలో లాగా మొహం కనబడుతోంది. బొట్టు పెట్టేది మొహానికే కదండి అంది. తర్కం చూస్తే తప్పు పట్టడానికి లేదు. నోరు మూసుకుని సీడీని నీళ్ళ పైపు దగ్గరికి తీసుకెళ్ళాను.

పసుపు నానబెట్టి మెత్తగా తుడుస్తున్నాను. నా వెనక గదిలో ఫ్యాను తిరిగిన చప్పుడైంది.

ఆ మిషన్‌ని నా చేత్తో ఆపాను. గదిలో ఎవరూ లేరు. ఆవిడ నా పక్కనే ఉంది. ఇద్దరం గుమ్మం దాకా వెళ్ళి చూస్తే పచ్చ లైటు వెలుగుతోంది, నల్లటి తెర మీద గీత మినుకుమంటోంది. పలకడానికి దాంట్లో ఇంకా గొంతు లేదు. కుండీల మధ్య పెద్దావిడ పని ఆపి, గది వైపు తిరిగి, ఎవరూ ఏమీ అడక్కుండానే, "పెట్టామండీ" అంది. నా వాచీలో పన్నెండయింది. స్కూటర్ ఎక్కి పోదామనిపించింది, అది దాచుకోను. నా పక్కనున్న ఆవిడ మొహంలో మాత్రం భయం లేదు. చూశారా, వచ్చారు అంది, చుట్టం దిగాడని చెప్పినంత మామూలుగా.

పారిపోలేదు గనక పని చేయాల్సి వచ్చింది. పసుపు పోయినా ఎవరో ముందు గోకినట్టున్నారు, సన్నగా గీతలు పడ్డాయి. అలాంటప్పుడు మా వాళ్ళందరూ చేసే వైద్యమే చేశాను. తెల్ల టూత్‌పేస్టు తెప్పించి, చిల్లు నుంచి అంచు వైపుకి నిలువుగా రుద్ది, కడిగి, ఆరబెట్టి వేశాను. ఒకసారి సగంలో ఆగింది. మళ్ళీ రుద్దాను. ఈసారి గుటకలు వేస్తూ, ఆగుతూ, చివరికి లేచింది.

తెర మీద బ్యాకప్‌లు వరసగా వచ్చాయి. కొత్తవి పైన ఉంటాయి. పై నుంచి చదువుతుంటే ఆవిడ మొదటిసారి గుమ్మం దాటి లోపలికి వచ్చింది. వేలు పెట్టి తేదీలు చూసుకుంటూ కిందికి దిగి ఒకచోట ఆగింది. అది ఆయన పోయిన రోజు. దానిపైన ఉన్నవన్నీ ఆ తర్వాతివే. పిడుగు పడిన రోజు వరకూ రోజుకొకటి, అన్నీ పన్నెండు దాటిన కాసేపటికి తీసినవే.

"ఆయనే తీశారా అండి?" అని నెమ్మదిగా అడిగింది.

అప్పటికి నాకు కంగారు కాస్త తగ్గి బుర్ర పనిచేయడం మొదలైంది. ఉండండి చెప్తాను అని, అన్నిటికంటే పైదాన్ని కొత్త డిస్కులోకి దింపడం మొదలుపెట్టాను. ఒక్కో శాతం నత్తలా కదిలింది. అది పూర్తయి మిషన్ మళ్ళీ లేచేటప్పుడు సెట్టింగుల్లోకి దూరి, ఇందాక చూడని పేజీ తెరిచాను. అనుకున్నట్టే ఉంది. రోజూ పన్నెండింటికి మిషన్ దానంతట అది లేచేలా అలారం పెట్టి ఉంది. ఆయన మొక్కల్లోంచి వచ్చేసరికి బ్యాకప్ మొదలైపోవాలని పెట్టుకుని ఉంటాడు. ఎవరూ ముట్టుకోకపోతే ఆ పని అయ్యాక దానంతట అదే ఆరిపోతుంది కూడా. అలారాన్ని అలాగే ఉంచి సెట్టింగుల్లోంచి బయటికి వచ్చాను. విండోస్ లేచింది.

"నీళ్ళు పెట్టారా?"

గొంతు నేననుకున్నంత గంభీరంగా లేదు. కొంచెం జలుబు చేసిన, మామూలు మధ్యవయసు గొంతు. దూరంగా మళ్ళల్లోంచి ఇద్దరు ముగ్గురు ఒకేసారి జవాబిచ్చారు. ఆవిడ టేబుల్ అంచు పట్టుకుని కళ్ళు తుడుచుకుంది. నాకు గర్వమేసింది. దయ్యాన్ని కూడా పట్టేశాను కదా, ఆ గర్వం వేరే. అలారం సంగతి మొదట్నుంచీ విడమరిచి చెప్పాను. ఎవరూ నొక్కరండి, పన్నెండయితే అదే లేస్తుంది, అదే అడుగుతుంది, అదే ఆరిపోతుంది. మనిషితో పనే లేదు.

"రోజూనా అండి?"

"రోజూనండి. ఆయనున్నప్పటి నుంచీ."

ఆవిడ ఆయన చెప్పుల వైపు చూసింది. తర్వాత బెంచీ ఉన్న వైపు, ఇంకా మూసే ఉన్నట్టు ఆ తలుపు వైపు చూసింది. అప్పుడు తెలిసింది నాకు, నేనేం చెప్పానో. డాక్టరు అన్నదే నిజమని చెప్పాను. ఆ రోజు పన్నెండింటికి ఈవిడతో మాట్లాడింది ఎవరో చెప్పాను. ఇంతసేపూ ఆవిడ కోసం వెతికి తీసిన ఆఖరి మాటని, తీసి చేతిలో పెట్టి, అది మీది కాదని చెప్పాను. నా ప్రాణం ఉసూరుమంది. సర్దుబాటుగా ఏదైనా అందామంటే నోటికి అబద్ధం కూడా తట్టలేదు.

అలారం తీసెయ్యమంటారా అని మాత్రం అడిగాను. పెద్దావిడ గుమ్మం దగ్గర నిలబడి ఆశగా చూస్తోంది.

"వద్దండి, ఉండనివ్వండి. ఆ రోజు గొంతు విని తలుపు తియ్యకుండా వెళ్ళిపోయాను" అంది ఆవిడ.

మళ్ళీ నాలుగు నెలలకి మౌసు పనిచేయడం లేదంటే వెళ్ళాను. వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. పెద్దావిడ ఇంకా అక్కడే పనిచేస్తోంది, నన్ను చూసి మొహం తిప్పుకుంది. గదికి తాళం లేదు, తలుపు మాత్రం దగ్గరగా వేసి ఉంది. బయట మొక్కలు లెక్కబెడుతున్న ఆవిడ, టైమవుతోంది కాస్త ఆగండి అని నన్ను బెంచీ మీద కూర్చోమంది. లోపల ఫ్యాను తిరిగింది, గొంతు అడిగింది, మళ్ళల్లోంచి జవాబు వెళ్ళింది. ఆవిడ చేతులు కడుక్కుని, నా పక్కనున్న క్యారియర్ తీసుకుని, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. పెట్టారండి అని చెప్పి, ఆయన కుర్చీలో కూర్చుని అన్నం గిన్నె మూత తీసింది.