బంతి వేసేవాళ్ళు లేని జూన్

టెక్సస్‌లో మా ఇర్వింగ్ అపార్ట్‌మెంట్లలో పిల్లల బేస్‌బాల్ టీమ్‌కి కోచ్ మా పైఇంటి అక్క. వారమంతా ఆఫీసు, శనివారమైతే టోపీ పెట్టుకుని గ్రౌండు. ఆమె పక్కన కూర్చుని, మా వాళ్ళు వేసే ప్రతి బంతికీ చేతిలోని క్లిక్కర్ నొక్కడం నా పని. క్రికెట్టే సరిగ్గా తెలియని నన్ను నమ్మినందుకే ఆమెకు దండం పెట్టాలి. పిల్లల చేతులు పాడవకుండా, బంతి విసిరే పిచ్చర్ ఒక మ్యాచ్‌లో ఇన్నే వేయాలని రూలు. అందుకే ఆ లెక్క.

సీజన్ మొదట్లో మాకు పిచ్చర్లకు కొదవే లేదు. సెమీఫైనల్ వచ్చేసరికి చూస్తే ఎవరూ లేరు. ఎలా ఉంటారు? బడి మూసిన మర్నాడే ఇండియా ఫ్లైటు! టిక్కెట్లు చవగ్గా ఉన్నాయని అందరూ చలికాలంలోనే కొనేసుకున్నారు. మన పిల్లలు అంత దూరం గెలుచుకుంటూ వస్తారని అప్పుడెవరనుకున్నారు? ఒక తల్లి ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేసి, "సారీ అండీ, మావాడు ఒకటే ఏడుపు" అంది.

"ఏం కాదు, అమ్మమ్మ దగ్గర మంచిగ మామిడిపండ్లు తినమనండి" అని అక్క నవ్వేసింది. ఫోన్ పెట్టేశాక నాతో, "ఇగ మనకు మిగిలింది ఒకటిన్నర పిచ్చరే" అంది.

ఆ ఒకటి ఆమె కొడుకు. సగం, ప్రాక్టీసులో తప్ప ఎన్నడూ బంతి వేయని ఒక అమ్మాయి. ఓడితే సీజన్ అక్కడితో సరి. పైగా కొడుక్కి ఈ టీమ్‌లో ఇదే ఆఖరి ఏడాది. వచ్చే ఏడు వయసు దాటిపోతాడు.

వాడు ఎంత బాగా వేశాడో! ఆఖరి ఇన్నింగ్‌కి మేము ఒక్క పరుగు ముందున్నాం. నా క్లిక్కర్ ప్రకారం వాడికి ఇంకా బంతులున్నాయి. అయినా అక్క లేచి మైదానంలోకి నడిచింది. ఎందుకో తెలియక నేనూ వెనకాలే వెళ్ళాను.

"అమ్మా, అయామ్ ఫైన్. ప్లీజ్, నన్ను వెయ్యనీ."

"ఫైన్ అయితే ఆ చేత్తోనే టోపీ తియ్యి బిడ్డా."

వాడి చెయ్యి భుజం దాకా లేచి ఆగిపోయింది. నేను రోజంతా బంతులు లెక్కపెట్టానే గానీ, ఆ చేతిని చూడనేలేదు. ఆమె చూసింది. బంతి తీసుకుని, ఆ అమ్మాయిని పిలిచింది.

కంచె అవతల నుంచి ఒక నాన్నగారు అరిచారు: "ఏంటి మేడమ్! గెలిచే మ్యాచ్ వాళ్ళ చేతిలో పెడతారా?"

"మీవాడు వేస్తాడా అన్నా? పంపండి!" అంది అక్క వెనక్కి తిరగకుండానే.

ఆ అమ్మాయి బిక్కమొహంతో వచ్చింది. "ఆంటీ, నాకు ఫాస్ట్ రాదు."

"ఫాస్ట్ ఎవరడిగిండ్రు? ఆడ క్యాచర్ ఉన్నడు గద, వానికి అందితే చాలు."

నిజంగానే మెల్లగా వేసింది. అప్పటిదాకా వేగం చూసిన అవతలి పిల్లలు ముందే బ్యాట్ ఊపేసి ఇద్దరు అవుటయ్యారు. ఇంకొక్కడు అవుటైతే గెలిచినట్టే. ఒకడు ఎలాగో బేస్ చేరుకున్నాడు. తర్వాత వచ్చినవాడు మాత్రం తొందరపడలేదు. ఆగి, కంచె దాకా కొట్టాడు. బేస్ మీదున్నవాడూ, కొట్టినవాడూ ఇద్దరూ చుట్టి వచ్చేశారు, రెండు పరుగులు. ఓడిపోయాం.

అక్క ముందు ఆ అమ్మాయి దగ్గరికే వెళ్ళి, భుజం చుట్టూ చెయ్యి వేసి బయటికి తీసుకొచ్చింది.

ఇంటికి నేను వాళ్ళ కార్‌లోనే వచ్చాను. హైవే ఎక్కగానే వాడు, "నన్ను ఉంచితే గెలిచేవాళ్ళం" అన్నాడు.

నేనైతే వంద విధాలుగా సర్దిచెప్పేదాన్ని. అక్క మాత్రం, "గెలిచేటోళ్ళమేమో" అంది, అంతే.

ఇంటికి తిరిగే ఎగ్జిట్ దగ్గరపడుతుంటే వెనక సీట్లోంచి చిన్న గొంతు. "నొప్పిగా ఉందమ్మా. పోయిన మ్యాచ్ నుంచే."

అక్క తిట్టలేదు. మా ఎగ్జిట్ వదిలేసి, కార్‌ని అర్జెంట్ కేర్ ఆసుపత్రి వైపు పోనిచ్చింది.