చక్రం మూతకు కట్టిన దారం

మేస్త్రి బాబాయి పోయారని మంగళవారం పొద్దున ఆయన షెడ్డు పక్క టీకొట్టాయన ఫోన్ చేసి చెప్పాడు. తెనాలిలో, అంగలకుదురు వైపు వెళ్లే రోడ్డు మీద ఆయనకి చిన్న కార్ల షెడ్డు ఉండేది. మాకు చుట్టమేం కాదు. నాన్న కారు బాగుచేసే మనిషి, అంతే. అయినా ఆయనతో చెప్పాల్సిన మాట ఒకటి ఇరవయ్యేళ్లుగా నా నోట్లోనే ఉండిపోయింది.

దుగ్గిరాలలో పసుపు వ్యాపారం చేసే నాన్నకి ఉన్న సరదా ఒక్కటే, పాత ఎర్ర స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. చక్రాల మధ్యలో అరచేయంత గుండ్రటి మూతలుండేవి. వాటి వెనకున్న ఇనప క్లిప్పులు చక్రాన్ని పట్టుకుని ఉంటాయి. కారు పాతబడేకొద్దీ క్లిప్పుల పట్టు సడలుతుంది. ఏ గోతిలోనో పడితే మూత ఎగిరి పంటకాలవలో పడుతుంది. కొత్తవి ఎక్కడా దొరకవు. మీకిది చిన్న విషయంగా అనిపించొచ్చు గానీ, నాన్న ప్రాణమంతా ఆ మూతల మీదే ఉండేది.

బాబాయి మూత ఊడదీసి, తుప్పు గీకి, క్లిప్పుల్ని ఒక్కొక్కటే బొటనవేలితో కాస్త బయటికి వంచేవారు. "పట్టకారుకి ఎంత వంగిందో తెలీదమ్మా. వేలికి తెలుస్తది," అనేవారు. తర్వాత వాళ్ల ఊరు రేపల్లె నుంచి తెప్పించిన దారం తీసేవారు. చేపల గాలాలకి కట్టే నైలాన్ దారం. దాన్ని మూత వెనక ముడేసి, చక్రం సందులోంచి లాగి లోపలి వైపు కట్టేవారు. మూత ఊడినా దారానికి వేలాడుతుంది. ఆ ముడి వాళ్ల నాన్న పడవ మీద నేర్పిందట. చివర్న అరచేత్తో మూత మీద ఒక్క చరుపు చరిచేవారు. ఆ తర్వాత కొలకలూరు దాకా పక్క సీట్లో కూర్చుని, కళ్లు మూసుకుని వినేవారు. నాన్న ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపేవారు. నాన్న నోరు మూయించగలిగిన మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

"ఊడిపోయే మూత ముందు టిక్కు టిక్కుమంటది. ఆగి చూసుకోటమే మన పని," అనేవారు.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఒక మూతకి క్లిప్పు విరిగింది. షెడ్డులో దారం అయిపోయింది. "ఊరికే తగిలించానమ్మా. దారం వచ్చేదాకా రెండ్రోజులు బండి తీయొద్దని నాన్నగారికి చెప్పు," అని నాతోనే చెప్పి పంపారు. నేను చెప్పలేదు. మర్నాడు నాన్నని బతిమాలి, పిన్ని కూతుర్ని ఎక్కించుకుని బాపట్ల సముద్రానికి పోయాను. దారిలో టిక్కు టిక్కుమని వినపడింది. పాట సౌండు పెంచాను. ఇంటికొచ్చి చూస్తే మూత లేదు.

నాన్న షెడ్డుకెళ్లి అందరి ముందూ కేకలేశారు. "ఒక్క మూత బిగించటం చేతకానివాడివి, నీకు షెడ్డెందుకయ్యా?"

నేను కారులోనే కూర్చున్నాను. బాబాయి నా వంక ఒక్కసారి చూసి, "పొరపాటు నాదేనండి," అన్నారు.

నాన్న మళ్లీ ఆ షెడ్డు గడప తొక్కలేదు. ఆయన మాట విని ఇంకో నలుగురు మానేశారు. బాబాయి నెలరోజులు ప్రతి ఆదివారం సైకిలేసుకుని బాపట్ల రోడ్డు పొడుగునా కాలవగట్లు వెతికారని తర్వాత తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను. నోరు మాత్రం విప్పలేదు.

మూడేళ్ల కిందట నాన్న పోయాక కారు మళ్లీ ఆయన దగ్గరికే తీసుకెళ్లాను. ఎందుకొచ్చావని అడగలేదు. నాలుగో మూత అల్యూమినియంతో చేయించి, నాలుగింటికీ కొత్త దారం కట్టారు. "బాబాయ్, అప్పుడూ..." అన్నాను. "ఈ దారం కొస ఇట్టా పట్టుకోమ్మా," అన్నారు. పట్టుకున్నాను. ఆ మాట మళ్లీ ఎత్తే ధైర్యం నాకు రాలేదు.

మంగళవారం ఆ కారులోనే రేపల్లె వెళ్లాను. ఆయన్ని సాగనంపాక, వాళ్లావిడ చేతులు పట్టుకుని జరిగిందంతా చెప్పేశాను.

"ఆ రోజే చెప్పారమ్మా నాకు," అందావిడ. "'నేను నోరిప్పితే వాళ్ల నాన్న ఆ పిల్లని ఇక బండి ముట్టుకోనివ్వరు, ఎంత బాగా నడుపుద్దో' అన్నారు."

తిరిగొస్తుంటే సగం దారిలో టిక్కు టిక్కుమంది. ఈసారి ఆగాను. ఆయన చేయించిన మూత ఊడొచ్చి, దారానికి వేలాడుతోంది. ముడి చెక్కుచెదరలేదు. రోడ్డు పక్క మోకాళ్ల మీద కూర్చుని, "తప్పు నాది బాబాయ్," అని పైకే అన్నాను. క్లిప్పులు వేలితో కాస్త వంచి, ముడి ముట్టుకోకుండా మూత దాని చోట పెట్టి, అరచేత్తో ఒక్క చరుపు చరిచాను.