పరిగె ఏరే బొమ్మ

ఎనభైల మొదట్లో కువైట్‌లో షాపుల బోర్డులు రాసేవాణ్ణి. పాత పత్రికలోంచి చింపుకున్న, వందేళ్ళనాటి ఫ్రెంచి చిత్రకారుడి బొమ్మే నాకు గురువు. కోత అయిపోయిన చేలో ముగ్గురు ఆడవాళ్ళు వంగి ఉంటారు. పోగొట్టుకున్నదేదో వెతుకుతున్నారనుకునేవాణ్ణి. ఎన్నిసార్లు గీసినా ఆ నడుములు కుదిరేవి కావు.

ఓ రోజు ఊళ్ళోనే రుమైథియా పేటకు వెళ్ళే బస్సులో ఆ కాగితం చూసుకుంటుంటే, ముందు సీట్లో కూర్చున్న కడప ఆమె వెనక్కి తిరిగింది. ఇళ్ళల్లో పనిచేసే మనిషి.

“కోతలో రాలిన కంకులు, పరిగ ఏరుకుంటాండారు గదన్నా! మాయమ్మా నేనూ ఇట్లే ఏరినాం. ఆ బొమ్మ నాకిస్తావా?”

“చూసి గీసుకోవాలమ్మా, ఇవ్వలేను” అన్నాను.

“సరేలేన్నా” అని, కింద పెట్టిన సంచి వంగి తీసుకుని దిగిపోయింది.

ఆ వంపు చూశాక నడుములు గీయడం వచ్చింది. ఆ కాగితంతో నాకు మళ్ళీ పని పడలేదు. ఇచ్చేద్దామంటే ఆమె మళ్ళీ కనబడలేదు.