దప్పిక తట్టుకునే జాతి

రాక్షసులూ మాయలూ ఉండే పాచికలాట ఒకటి సొంతంగా తయారుచేస్తున్నాను. ఇవాళ అందులో మెట్టనేల జాతికి, పుట్టుకతోనే దప్పిక తట్టుకుంటారని మూడు పాయింట్లు వేశాను. కరువు ఊరు కోసిగి నుంచి వచ్చి, కర్నూలులో నాతో గది పంచుకుంటున్న ఈరన్న ఆ కాగితం చదివాడు.

“మాకూ దప్పికైతాదప్పా. మా యమ్మ పోయినేడు గుంటూరు పక్క మిరపకాయలు తెంపను పోయి, ఎండదెబ్బకు చేన్లోనే సచ్చిపాయ.”

సిగ్గేసింది. ‘పుట్టుక’ గడిలో ఆ పాయింట్లు కొట్టేసి, పక్కనే ‘అలవాటు’ గడిలో రాయబోయాను.

“అలవాటు గూడ కాదప్పా. నీళ్లు ల్యాక,” అన్నాడు ఈరన్న.

పుట్టుకనూ అలవాటునూ విడదీసిన ఆట నాదని ఇన్నాళ్లూ అందరి దగ్గరా గొప్పలు పోయాను. గీసింది రెండే గళ్లు. ఆ మూడు పాయింట్లు మీరైతే ఎక్కడ రాస్తారు?