పదిహేడో నంబరులో అవ్వ

మా చర్చిలో నన్ను కంప్యూటరు మనిషి అంటారు. నేను కండ్లకోయలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుని. పిల్లలు పాడుచేసిన మౌసులు మార్చడం, ఏసీ నీళ్లు కారితే కింద బకెట్ పెట్టడం నా ఉద్యోగం. అయినా షామీర్‌పేట పక్కనున్న మా ఊరివాళ్ల దృష్టిలో నాకు రాని విద్య లేదు. ఒకసారి పాస్టరమ్మగారు మిక్సీ కూడా పంపించారు, అదీ కరెంటుదే కదా అని.

అందుకే సమాధుల రిజిస్టరుకు చెదలు పట్టినప్పుడు అందరి కళ్లూ నా మీదే పడ్డాయి. చర్చి సెక్రటరీ అంకుల్ ఆ పుస్తకాన్ని పేపర్లో చుట్టి మా ఇంటికి తెచ్చాడు. ఆయన కుత్బుల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసి రిటైరైన మనిషి. గేటు పాసు లేదని ఓనరునే ఆపేశానని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

"బిడ్డా, గిదంత కంప్యూటర్ల ఎక్కియ్యాలె. జాగలు అయిపోవస్తున్నయి. ఎవలు యాడున్నరు, ఏది ఖాళీ, బటన్ నొక్కితే రావాలె. ఇగ ముందుగాల ఆపి పెట్టుకునుడు బంద్. ఎవలు ముందు పోతే వాళ్లకే జాగ. కమిటీల తీర్మానం అయింది."

కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. ల్యాబులో పిల్లలు డేటాబేస్ సాఫ్ట్‌వేరులో లైబ్రరీ పుస్తకాల ప్రాజెక్టంటూ చేసి మార్కులు కొట్టేస్తుంటే పదేళ్లుగా చూస్తున్నాను, నాకు మాత్రం చేతకాదా అనుకున్నాను. మనుషులకొక పట్టిక, సమాధులకొక పట్టిక. ప్రతి సమాధికీ ఒక నంబరు. ఆ నంబరును మనిషి పేరు పక్కన వేస్తే రెండు పట్టికలూ కలుస్తాయి. పైగా రెండు నియమాలు పెట్టాను. ఒక సమాధికి ఒకే మనిషి. సమాధి నంబరు ఉన్న మనిషికి మరణ తేదీ ఉండి తీరాలి. మరణ తేదీ పడిందా, పేరు బతికున్నవాళ్ల లిస్టులోంచి దానంతటదే పోతుంది. ఎంత బాగా కుదిరిందో అని నాకు నేనే మురిసిపోయాను.

రిజిస్టరులో సగం చెదల కడుపులోకి పోయింది కాబట్టి, రెండు ఆదివారాలు సమాధుల తోటకే వెళ్లి రాళ్ల మీది పేర్లు నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. గాలి జవహర్‌నగర్ వైపు నుంచి వీస్తే అక్కడ నిలబడలేం. చెత్తకుప్ప వాసనకు ముక్కుకు చున్నీ కట్టుకుని రాసుకున్నాను. పదహారు, పదిహేడు నంబర్లకు కలిపి ఒకే రాయి ఉంది. ఎడమవైపు మగమనిషి పేరు, రెండు తేదీలు. కుడివైపు ఆడమనిషి పేరు, పుట్టిన తేదీ, ఒక గీత, ఆ తర్వాత ఏమీ లేదు. రంగు పోయిందనుకున్నాను. రాయి మీద పేరుందంటే కింద మనిషి ఉన్నట్టే కదా!

మరణ తేదీ లేనిదే నా కంప్యూటరు ఒప్పుకోదు. భర్త పోయిన తేదీనే ఆమెకూ కొట్టేశాను. ఆ తర్వాత చర్చి సభ్యుల కుటుంబాల కార్డులు ఎక్కిస్తుంటే అదే పేరు మళ్లీ వచ్చింది. పోయినావిడ కార్డు తీసేయడం మరిచారు, ఏం మనుషులో ఏమో అని విసుక్కుని, దాన్ని చెరిపేశాను.

ఈస్టరు రోజు తెల్లవారుతుండగా సమాధుల తోటలో ఆరాధన. సున్నం వేసిన సమాధుల మీద బంతిపూలు, కొవ్వొత్తులు. సెక్రటరీ అంకుల్ కంప్యూటరు లిస్టు పట్టుకుని, ప్రభువునందు నిద్రించినవారి పేర్లు గేటు దగ్గర హాజరు పిలిచినట్టు చదువుతున్నాడు. పదిహేడో పేరు చదవగానే ముందు వరుసలో ప్లాస్టిక్ కుర్చీలోంచి గట్టిగా ఒక గొంతు వినిపించింది.

"ఆమెన్!"

అవ్వ. మా వాడలో అందరికీ అవ్వ. నేను పుట్టినప్పటి నుంచీ ఆమెను అవ్వ అనే పిలిచాను. ఆమెకు ఇంకో పేరుందని తెలిస్తే ఒట్టు. అంకుల్ కూడా ఆ పేరు ఎవరిదో తెలియక తరువాతి పేరులోకి వెళ్లిపోయాడు. ఆమెన్ సంగతి అర్థమైంది నాకొక్కదానికే. నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది.

ప్రార్థన కాగానే పరుగెత్తాను. "అవ్వా, తప్పయింది. ఇయ్యాల్నే తీసేస్త."

"ఏం తీసేస్తవ్?"

"నువ్వు సచ్చిపోయినవని పడ్డది కంప్యూటర్ల. మల్ల బతికిపిస్త."

అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "నన్ను బతికిపిస్తే, గా పదిహేడు ఏమైతది?"

"ఖాళీ అని చూపిస్తది."

"ఖాళీ అయితే?"

"ముందు పోయినోళ్లకు ఇస్తరు."

"అంటే ఎవడో పరాయోడొచ్చి మా ముసలోని పక్కల పండుకుంటడా? వద్దు బిడ్డా, నన్ను ముట్టకు. సచ్చినట్టే ఉండనియ్యి."

నవ్వొచ్చింది నాకు. అవ్వ నవ్వలేదు. "నలపై ఏండ్లు కాపురం చేసిన ఆయనతోని. కోడి కూయకముందే వల భుజానేసుకొని చెరువుకు పోయెటోడు. కండ్లు తెరిస్తె పక్కల ఎన్నడు మనిషి లేడు. ఇగ గిప్పుడు యాడికి పోడు. ఆయన పోయిన్నాడే పేరు చెక్కిచ్చి ఆపి పెట్టుకున్న, గా జాగ నాకు గావాలె."

నిజం చెప్పాలంటే, ముందుగా చోటు ఆపుకున్నవాళ్ల కోసం మూడో పట్టిక ఒకటి చేస్తే అరగంట పని. కానీ కమిటీ తీర్మానం ఒప్పుకోదు. దాన్ని మార్చమని అడగాలంటే నేను చేసిన ఘనకార్యం అందరి ముందూ ఒప్పుకోవాలి. పరువు పోతుందని నోరు మూసుకున్నాను. అవ్వ చనిపోయే ఉంది.

చనిపోయినావిడ ప్రతి ఆదివారం అందరికంటే ముందు వచ్చి చాప పరిచేది. పుట్టినరోజు ప్రార్థనలో ఆమె పేరు రాలేదు. కోత పండుగ ప్రేమవిందుకు బతికున్నవాళ్ల లిస్టు చూసి టోకెన్లు ప్రింటు తీస్తే, ఆమెకు టోకెను రాలేదు. "సచ్చినోళ్లకు బిర్యానీ లేదానే?" అని నా చెవిలో గొణిగి, నా టోకెను గుంజుకుపోయింది. ఆ పూట నేను ఇంటికెళ్లి పెరుగన్నం తిన్నాను.

మరుసటి ఏడు వానాకాలంలో అవ్వ నిజంగానే పోయింది. మూడు రోజులు జ్వరం, అంతే. నాకు ఏడుపు ఆగలేదు. ఆ ఏడుపులో కంప్యూటరు సంగతే మరిచిపోయాను.

పెట్టె భుజాల మీద మోసుకుని తోట గేటు దాకా వచ్చాం. గేటు దగ్గర సెక్రటరీ అంకుల్ లిస్టు పట్టుకుని నిలబడ్డాడు. పక్కన పారలు పట్టుకున్నవాళ్లు ఊరికే కూర్చున్నారు. గుంత తవ్వలేదు.

"పదిహేడుల అప్పుడే మనిషున్నది బిడ్డా. తవ్వద్దన్న. ఖాళీగున్నది ముప్పైతొమ్మిది, గోడ కాడ."

"ఎవరున్నరు అంకుల్ పదిహేడుల?" ఏడుస్తూనే అడిగాను.

ఆయన కళ్లజోడు సర్దుకుని పేరు చదివాడు. కర్రపెట్టె మీద రాసిన పేరు చూశాడు. మళ్లీ లిస్టు చూశాడు.

"గీమెనే ఉన్నది."

"మరి గీమెను గామె జాగల పెట్టొద్దా?"

"ఒక్క జాగల ఒక్కరే అని నియమం పెట్టింది నువ్వే గదా!"

పెట్టె మోస్తున్నవాళ్లు భుజాలు మార్చుకుంటున్నారు. ఇక దాచి లాభం లేదు. రాళ్లు చూసి రాసుకున్నది, భర్త తేదీ కొట్టింది, ఈస్టరు నాడు అవ్వ చెప్పింది, అంతా అందరి ముందే కక్కేశాను. ఇంటికి పరుగెత్తి ల్యాప్‌టాప్ తెచ్చి, పదహారో నంబరు సమాధి మీద పెట్టి తెరిచాను. పైన ఎవరో గొడుగు పట్టారు. అవ్వ పేరు పక్కన మరణ తేదీ తీసేశాను. సమాధి నంబరు తీసేశాను. అవ్వ బతికింది. పదిహేడు ఖాళీ అయింది.

అంకుల్ వంగి స్క్రీను చూసి, "ఇప్పుడు ఖాళీ. తవ్వుండ్రి" అన్నాడు.

అవ్వను ఆమె ముసలాయన పక్కన పడుకోబెట్టి మట్టి వేశాం. "ఇగ తేదీ కొట్టు" అన్నాడు అంకుల్. కీబోర్డు మీద చెయ్యి పెట్టాను. నొక్కలేకపోయాను. ఒకసారి చంపినదాన్నే మళ్లీ చంపాలి. చార్జింగ్ అయిపోయిందని అబద్ధమాడాను.

రేపు, ఎల్లుండి అనుకుంటూనే కోత పండుగ వచ్చింది. టోకెన్లు ప్రింటరులోంచి ఒక్కొక్కటే పడుతున్నాయి. అంకుల్ కత్తిరించి కట్టలు కడుతూ ఒకదాని దగ్గర ఆగిపోయాడు. అవ్వ పేరు. తిడితే పడదామని తల వంచుకున్నాను.

ఆయన దాన్ని చించలేదు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"లిస్టుల పదిహేడు కాడ ఆమె పేరు నేను పెన్నుతోని రాసుకున్న" అన్నాడు. "తేదీ నిమ్మళంగ కొట్టు బిడ్డా. ఇగ ఆమె యాడికి పోదు."